కంప్యూటర్ సైన్స్‌లో క్వాంటమ్ ఇన్ఫర్మేషన్ మాస్టర్స్: ఏడాది ముందు నుంచి థీసిస్ దాకా

"నాకు ఫిజిక్స్ అంతంతమాత్రం. క్వాంటమ్‌లోకి రావచ్చా?" నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే.

రావచ్చు. కంప్యూటర్ సైన్స్ చదివి ఇటు వచ్చేవాళ్లను ఏడిపించేది ఫిజిక్స్ కాదు. మొదట ఏడిపించేది, బ్యాచిలర్స్‌లో పరీక్ష కోసం చదివి ఆ సాయంత్రమే మర్చిపోయిన లీనియర్ ఆల్జీబ్రా. రెండోది ఇంకా పెద్దది: కోర్సు పేరులో "క్వాంటమ్" ఉంది కదా అని చేరిపోయాక, తమకు నచ్చిన పని చేయించే గైడ్ అక్కడ ఒక్కరూ లేరని తెలియడం. మొదటిదాన్ని నాలుగు నెలల్లో సరిచేసుకోవచ్చు. రెండోది చేరాక సరికాదు. అందుకే అప్లికేషన్ ఫారం తెరవడానికి ఏడాది ముందు నుంచే మొదలుపెడదాం.

ముందు మీ ప్రశ్న ఏ రకమో చూసుకోండి

ఈ రంగానికి గుమ్మాలు చాలా ఉన్నాయి. ఫిజిక్స్ గుమ్మంలోంచి వెళ్లేవాళ్లు క్యూబిట్‌ని, అంటే క్వాంటమ్ కంప్యూటర్‌లో బిట్ లాంటిదాన్ని, తయారు చేస్తారు. అయాన్లను గాలి తీసేసిన పెట్టెలో విద్యుత్ క్షేత్రంతో నిలబెట్టడం, సూపర్‌కండక్టింగ్ సర్క్యూట్లను అబ్సొల్యూట్ జీరోకి డిగ్రీలో వందో వంతు దూరందాకా చల్లబరచడం వాళ్ల పని. ఎలక్ట్రికల్ వాళ్లు ఆ క్యూబిట్లను నడిపే మైక్రోవేవ్ పల్సులూ చిప్పులూ చూసుకుంటారు. మనం అడిగేది వేరు. క్యూబిట్లు ఉన్నాయనే అనుకుందాం. వాటితో ఏం లెక్కించగలం, ఏం లెక్కించలేం, దానికి ఎంత ఖర్చవుతుంది?

ఒక ఉదాహరణ చెబుతాను. పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడగొట్టే క్వాంటమ్ అల్గారిదమ్‌ని పీటర్ షోర్ 1994లో ఇచ్చారు. దాంతో, ఇంటర్నెట్‌లో సమాచారాన్ని కాపాడే 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ తాళాన్ని విరగ్గొట్టాలంటే ఎంత పెద్ద యంత్రం కావాలి? 2019లో క్రెగ్ గిడ్నీ, మార్టిన్ ఎకెరో వేసిన లెక్క ప్రకారం 2 కోట్ల క్యూబిట్లు, 8 గంటలు. 2025లో గిడ్నీయే మళ్లీ లెక్క వేసి, 10 లక్షల కన్నా తక్కువ క్యూబిట్లతో వారం లోపు అయిపోతుందన్నారు. హార్డ్‌వేర్ ఎంత నమ్మకంగా పనిచేస్తుందన్న అంచనా రెండు లెక్కల్లోనూ దాదాపు ఒకటే. సమయం ఎక్కువ తీసుకుని క్యూబిట్లను ఇరవై రెట్లు తగ్గించారు. మారింది అల్గారిదమ్, ఎర్రర్ కరెక్షన్‌ని (క్యూబిట్లలో వచ్చే తప్పులను సరిదిద్దే పద్ధతిని) సర్దిన తీరు. ల్యాబ్‌లో ఒక్క బోల్టు కూడా బిగించనక్కర్లేదు. కంప్యూటర్ సైన్స్ వాళ్లకు క్వాంటమ్‌లో ఏం పని అని ఎవరైనా అడిగితే నేను ఈ రెండు సంఖ్యలు చెప్పి ఊరుకుంటాను.

ఈ గుమ్మం లోపల కూడా గదులున్నాయి. మీది ఏ గదో తెలుసుకోవడానికి నేను చెప్పే చిట్కా ఇది. లోవ్ గ్రోవర్ 1996లో ఇచ్చిన వెతికే అల్గారిదమ్ గురించి చదవండి. పది లక్షల పెట్టెల్లో ఒక్కదాంట్లోనే వస్తువుంటే, మామూలుగా సగటున ఐదు లక్షల పెట్టెలు తెరవాలి. గ్రోవర్ అల్గారిదమ్‌కి సుమారు 785 ప్రశ్నలు చాలు. ఇది చదవగానే మీ బుర్రలో ఏ ప్రశ్న లేచింది?

"785 కన్నా బాగా తగ్గించలేమా?" అనిపిస్తే మీది కాంప్లెక్సిటీ, అంటే ఒక లెక్కకి కనీసం ఎంత పని తప్పదో తేల్చే గది. తగ్గించలేమని బెనెట్, బెర్న్‌స్టీన్, బ్రసార్డ్, వజిరాని నిరూపించారు. ఆ నిరూపణ చదివి ముచ్చట పడితే ఇక అనుమానం అక్కర్లేదు. "ఆ ఒక్కో ప్రశ్నకీ ఎన్ని గేట్లు ఖర్చు?" అనిపిస్తే కంపైలర్లూ, ఎంత యంత్రం కావాలో లెక్కగట్టే రిసోర్స్ ఎస్టిమేషనూ మీ గది. "మధ్యలో ఒక క్యూబిట్ చెడిపోతే?" అని భయం వేస్తే ఎర్రర్ కరెక్షన్. "అయితే నా పాస్‌వర్డు సంగతేంటి?" అనుకుంటే క్రిప్టోగ్రఫీ. ఏ ప్రశ్నా లేవకపోతే కంగారేం లేదు, ఇంకో రెండు అల్గారిదమ్‌లు చదివి చూడండి. నాలుగైదు చదివాక కూడా ఏమీ లేవకపోతే మాత్రం, మీకు కావలసింది వేరే స్పెషలైజేషన్ కావచ్చు. ఆ సంగతి ఇప్పుడే తెలిస్తే నయం.

పెన్ను పట్టి లీనియర్ ఆల్జీబ్రా

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. వీడియోలు చూస్తే అర్థమైనట్టే ఉంటుంది. కాగితం మీద పెడితే గానీ ఏం రాలేదో తెలీదు.

గేట్ అంటే క్యూబిట్ మీద చేసే ఒక చర్య. హడమార్డ్ గేట్‌ని తీసుకోండి. అది రెండు వరుసల మ్యాట్రిక్స్: పై వరుసలో 1, 1, కింది వరుసలో 1, −1, మొత్తాన్ని √2తో భాగించాలి. సున్నా స్థితిలో ఉన్న క్యూబిట్ అంటే (1, 0) అనే వెక్టర్. గేట్‌తో ఒకసారి గుణించండి: (1/√2, 1/√2) వస్తుంది. ఇప్పుడు కొలిస్తే, ఆ సంఖ్యల వర్గాల ప్రకారం, 0 రావడానికి సగం అవకాశం, 1 రావడానికి సగం అవకాశం. అచ్చం నాణెం ఎగరేసినట్టే. ఇప్పుడు కొలవకుండా అదే గేట్‌తో రెండోసారి గుణించండి. కింది వరుసలో 1, −1 ఉన్నాయి కాబట్టి రెండో భాగం 1/2 − 1/2, అంటే సున్నా. మొదటి భాగం 1/2 + 1/2, అంటే 1. తిరిగి (1, 0)! నాణేన్ని రెండుసార్లు ఎగరేస్తే ఎప్పుడూ బొమ్మే పడటం ఎక్కడైనా చూశారా? సంభావ్యతలకు మైనస్ గుర్తు ఉండదు, ఈ సంఖ్యలకు ఉంటుంది. అవి ఒకదాన్నొకటి కొట్టేసుకోగలవు. క్వాంటమ్ అల్గారిదమ్ అంటే తప్పు జవాబులు ఒకదాన్నొకటి కొట్టేసుకునేలా, సరైన జవాబు మిగిలేలా ఆ మైనస్‌లను సర్దడమే. "అన్ని జవాబులూ ఒకేసారి ప్రయత్నిస్తుంది" అని పత్రికల్లో రాసేది చదివి నమ్మారనుకోండి, మొదటి అసైన్‌మెంట్‌లోనే దెబ్బతింటారు.

దీన్ని అలవోకగా చేయగలిగితే ఇంకో రెండు పరీక్షలు పెట్టుకోండి. ఒకటి: తెలియని క్యూబిట్‌కి నకలు తీసే యంత్రం ఉండదని, 1982 నాటి నో క్లోనింగ్ సిద్ధాంతాన్ని, పుస్తకం మూసేసి నిరూపించండి. నాలుగైదు లైన్లు మించదు. రెండు: రెండు క్యూబిట్లు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండే బెల్ స్థితి తీసుకుని, ఒక క్యూబిట్‌ని పార్షియల్ ట్రేస్‌తో తీసేసి, మిగిలిన క్యూబిట్ డెన్సిటీ మ్యాట్రిక్స్ (దాని గురించి తెలిసినదంతా చెప్పే మ్యాట్రిక్స్) రాయండి. ఐడెంటిటీ మ్యాట్రిక్స్‌లో సగం రావాలి. రెండూ కలిపి చూస్తే స్థితి పూర్తిగా తెలుసు, ఒక్కదాన్నే చూస్తే మాత్రం ఏమీ తెలియదు. ఎంటాంగిల్‌మెంట్ అంటే ఏంటని ఇంటర్వ్యూలో అడిగితే కవిత్వం చెప్పకుండా ఈ లెక్క చేసి చూపించండి.

వీటికి కావలసిన సరుకు పెద్దదేం కాదు: సంకీర్ణ సంఖ్యలు, ఇన్నర్ ప్రోడక్ట్, యూనిటరీ, హెర్మీషియన్ మ్యాట్రిక్స్‌లు, ఐగెన్‌వాల్యూలు, స్పెక్ట్రల్ సిద్ధాంతం, టెన్సార్ ప్రోడక్ట్, ట్రేస్. వీటిలో కంప్యూటర్ సైన్స్ విద్యార్థికి బొత్తిగా కొత్తగా అనిపించేది టెన్సార్ ప్రోడక్టే. దానికి రెండు వారాలు ఎక్కువ ఇచ్చినా తప్పులేదు. రోజుకో గంట చొప్పున అన్నీ కలిపి మూడు నాలుగు నెలలు.

చదవడానికి ఉచితంగా దొరికేవే చాలు. కాల్‌టెక్‌లో జాన్ ప్రెస్కిల్ ఏళ్ల తరబడి పెంచుకుంటూ వచ్చిన లెక్చర్ నోట్స్ ఫిజిక్స్ వైపు నుంచి నడుస్తాయి. ఆమ్‌స్టర్‌డామ్‌కి చెందిన రోనాల్డ్ డి వోల్ఫ్ నోట్స్ అచ్చంగా కంప్యూటర్ సైన్స్ వాళ్ల భాషలో ఉంటాయి, మీరు అవే మొదట తీయండి. జాన్ వాట్రస్ పాఠాలు నిరూపణల్లో చాలా శుభ్రంగా ఉంటాయి. మూడూ ఒకేసారి తెరిచిపెట్టుకుంటే ఒక్కటీ పూర్తికాదు. ఒక్కటి ఎంచుకుని దాని చివర ఉన్న లెక్కలు చేయండి. ప్రతి అధ్యాయంలోనూ అన్నీ రావు, సగం వస్తే ముందుకు వెళ్లొచ్చు.

సిమ్యులేటర్ మీరే రాయండి

కిస్కిట్, సర్క్, పెన్నీలేన్ లాంటి క్వాంటమ్ ప్రోగ్రామింగ్ లైబ్రరీలు తర్వాత ఎలాగూ నేర్చుకుంటారు. ముందు పైథాన్‌లో నమ్‌పై అనే లెక్కల లైబ్రరీ ఒక్కటే వాడి, క్యూబిట్ సిమ్యులేటర్ మీరే రాయండి. వంద లైన్లలో అయిపోతుంది. స్థితి ఒక వెక్టర్, గేట్ ఒక మ్యాట్రిక్స్, కొలవడం అంటే సంభావ్యతల ప్రకారం ఒకదాన్ని ఏరడం.

రాశాక క్యూబిట్లు పెంచుకుంటూ పోండి. 20 దాకా హాయిగా నడుస్తుంది. 30 దగ్గర ల్యాప్‌టాప్ మూలుగుతుంది. ఎందుకో లెక్క వేయండి: 30 క్యూబిట్లకు 2 ఘాతం 30 సంకీర్ణ సంఖ్యలు, ఒక్కోదానికి 16 బైట్లు, మొత్తం 16 గిగాబైట్లు. ఇంకొక్క క్యూబిట్ కలిపితే 32. నలభైకి వెళ్తే 16 టెరాబైట్లు. క్వాంటమ్ యంత్రం ఎందుకు కావాలో పది వ్యాసాలు చదివినా ఇంత బాగా ఎక్కదు. ఆ వెంటనే దానికి విరుగుడు కూడా తెలుసుకోండి. కొన్ని రకాల గేట్లే వాడిన సర్క్యూట్లను వేల క్యూబిట్లున్నా మామూలు కంప్యూటర్ మీద తేలిగ్గా నడపొచ్చని చెప్పేదే గాట్స్‌మన్–నిల్ సిద్ధాంతం. ఎర్రర్ కరెక్షన్ వాళ్లు వాడే స్టిమ్ అనే సాఫ్ట్‌వేర్ నిలబడింది దాని మీదే. ఎంటాంగిల్‌మెంట్ ఉన్నంత మాత్రాన క్వాంటమ్ లాభం వచ్చేయదని ఇక్కడే అర్థమవుతుంది.

లైబ్రరీకి మారినప్పుడు ఒక గొయ్యి ఉంది, చూసి నడవండి. కిస్కిట్‌లో రెండు క్యూబిట్ల సర్క్యూట్ తీసుకుని, 0వ క్యూబిట్ మీద ఎక్స్ గేట్ (0ని 1గా మార్చేది) పెట్టి కొలవండి. 10 వస్తుందనుకుంటారు, 01 వస్తుంది. చాలా పాఠ్యపుస్తకాలు మొదటి క్యూబిట్‌ని ఎడమవైపు రాస్తాయి, కిస్కిట్ 0వ క్యూబిట్‌ని కుడి చివర రాస్తుంది. ఇంతే తేడా. ఫేజ్ ఎస్టిమేషన్ అనే అల్గారిదమ్ రాస్తూ నేను ఈ తేడా పట్టించుకోక మూడు రోజులు నా ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్‌ని అనుమానించాను. అది ముందు నుంచీ సరిగ్గానే ఉంది. జవాబుని తిరగేసి చదువుతున్నది నేనే. అప్పటి నుంచి ఏ కొత్త లైబ్రరీ తెరిచినా మొదట రాసేది ఈ ఒక్క గేట్ పరీక్షే.

నిజమైన క్వాంటమ్ యంత్రం మీద ఒక్కసారైనా నడిపి చూడండి. ఐబీఎమ్ 2016లోనే 5 క్యూబిట్ల యంత్రాన్ని క్లౌడ్‌లో అందరికీ తెరిచింది, ఇప్పుడు ఇంకా పెద్దవి అందుబాటులో ఉన్నాయి. మీ సిమ్యులేటర్‌లో 00, 11 మాత్రమే వచ్చిన బెల్ స్థితికి, అక్కడ కొద్దిపాటి 01లూ 10లూ కూడా కనబడతాయి. నాయిస్ అంటే అదే.

కోర్సు ఎంచుకోవడం: బోర్డు చూడకండి, లోపలికి చూడండి

బయట కనబడే మాస్టర్స్ కోర్సులు మూడు రకాలు.

మొదటిది, కంప్యూటర్ సైన్స్ డిగ్రీలోనే క్వాంటమ్ ఇన్ఫర్మేషన్ స్పెషలైజేషన్. కెనడాలోని వాటర్‌లూ యూనివర్సిటీ దీనికి మంచి ఉదాహరణ. అక్కడ క్వాంటమ్ కంప్యూటింగ్ ఇన్‌స్టిట్యూట్ 2002 నుంచీ ఉంది. కానీ అప్లికేషన్ వెళ్లేది ఇన్‌స్టిట్యూట్‌కి కాదు, మీ సొంత డిపార్ట్‌మెంట్‌కి. కంప్యూటర్ సైన్స్, ఫిజిక్స్, గణితం, ఇంజనీరింగ్ వాళ్లు ఎవరి గుమ్మంలోంచి వాళ్లు వచ్చి క్వాంటమ్ కోర్సుల్లో కలుస్తారు. కంప్యూటర్ సైన్స్ వాళ్లకు వచ్చే పట్టా పేరు మాస్టర్ ఆఫ్ మ్యాథమెటిక్స్, ఎందుకంటే ఆ డిపార్ట్‌మెంట్ గణిత విభాగం కింద ఉంటుంది. పట్టా మీద ఏం రాసి ఉంటుందో ముందే తెలుసుకోవడం మంచిదని చెప్పడానికే ఈ పిట్టకథ.

రెండోది, ప్రత్యేకంగా క్వాంటమ్ పేరుతోనే పెట్టిన మాస్టర్స్. ఈటీహెచ్ జ్యూరిక్‌లో క్వాంటమ్ ఇంజనీరింగ్ మాస్టర్స్‌ని ఎలక్ట్రికల్, ఫిజిక్స్ విభాగాలు కలిసి నడుపుతాయి. విస్కాన్సిన్–మాడిసన్‌లో క్వాంటమ్ కంప్యూటింగ్ మాస్టర్స్ ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో ఉంది. ఇవి మంచి కోర్సులే. కానీ మీ ఆసక్తి కాంప్లెక్సిటీ అయితే, ఫిజిక్స్ విభాగం నడిపే కోర్సులో మీకు సగం సబ్జెక్టులు పరాయివిగా ఉండొచ్చు. పేరు ఒకటే, లోపలి సరుకు వేరు.

మూడోది, జనం పట్టించుకోని దారి: మామూలు కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌లో చేరి, క్వాంటమ్ మీద పనిచేసే ప్రొఫెసర్ దగ్గర థీసిస్ చేయడం. బోర్డు మీద క్వాంటమ్ అని ఉండదు. కానీ థియరీలో గట్టి పునాది పడుతుంది. తర్వాత మనసు మారినా డిగ్రీ వృథా కాదు. నన్ను అడిగితే, గైడ్ నచ్చినప్పుడు ఈ దారి రెండోదాని కన్నా మెరుగు.

ఏ రకమైనా, ఎంచుకునే ముందు కొన్ని సంగతులు కనుక్కోండి. థీసిస్ ఉందా, లేక కోర్సులు పూర్తి చేస్తే సరిపోతుందా? పీహెచ్‌డీ ఆలోచన ఉంటే థీసిస్ లేని కోర్సు జోలికి పోవద్దు. క్యాటలాగ్‌లో రాసిన క్వాంటమ్ కోర్సులు గత రెండేళ్లలో నిజంగా నడిచాయా? క్యాటలాగ్‌లో పది ఉంటాయి, సెమిస్టర్ టైంటేబుల్‌లో రెండే ఉంటాయి. కాబట్టి టైంటేబుల్ చూడండి. మీ అంశం మీద పనిచేసే ప్రొఫెసర్లు కనీసం ఇద్దరున్నారా? ఒక్కరే అయితే, ఆయనో ఆమో సెలవు మీద వెళ్లినా, వేరే చోటికి మారినా మీ థీసిస్ గాలిలో దీపం. ఇక డబ్బు: కొన్ని చోట్ల పరిశోధన మాస్టర్స్‌కి టీచింగ్ అసిస్టెంట్‌షిప్ ద్వారా స్టైపెండ్ వస్తుంది, కొన్ని చోట్ల మొత్తం ఫీజు మీరే కట్టాలి. ఫండింగ్ మాట ఆఫర్ లెటర్‌లో రాతపూర్వకంగా ఉందో లేదో చూడండి, నోటిమాట నమ్మకండి.

గైడ్‌ని పేపర్లలో వెతకండి

ప్రొఫెసర్ల వెబ్‌పేజీలు చాలావరకు పాతబడి ఉంటాయి. ఇప్పుడు ఏం చేస్తున్నారో తెలియాలంటే పరిశోధన పేపర్లు ఉచితంగా దొరికే ఆర్కైవ్ వెబ్‌సైట్‌లోని క్వాంటమ్ ఫిజిక్స్ విభాగంలో వాళ్ల పేరుతో వెతకండి. చివరి రెండేళ్ల పేపర్లు చాలు. క్యూఐపీ, టీక్యూసీ అనే క్వాంటమ్ పరిశోధకుల సమావేశాల కార్యక్రమం పట్టికలు కూడా తిరగేయండి. మీకు ఆసక్తి ఉన్న అంశం మీద ఎవరు ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారో అక్కడ తేలుతుంది.

పేపర్ మొత్తం చదవాలని కూర్చోకండి, నీరసం వస్తుంది. ముందు సారాంశం, ఇంట్రడక్షన్, ముఖ్యమైన సిద్ధాంతం ఏం చెబుతోందో, చివర్లో మిగిలిన ప్రశ్నలు. నిరూపణ తర్వాత. పేపర్లో సహరచయితల పేర్లు కూడా చూడండి. వాళ్లలో మాస్టర్స్ విద్యార్థులు కనబడితే ఆ ప్రొఫెసర్ మాస్టర్స్ వాళ్లతో నిజంగా పనిచేస్తున్నట్టు. ఎంత పెద్ద పేరున్నా, ఆ జాబితాలో ఎప్పుడూ పీహెచ్‌డీ, పోస్ట్‌డాక్ వాళ్లే ఉంటే మీ వంతు సమయం తక్కువేనని అనుకోండి.

తర్వాత మెయిల్. "గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి, క్వాంటమ్ కంప్యూటింగ్ మీద నాకు అమితమైన ఆసక్తి, మీ మార్గదర్శకత్వంలో పనిచేయడం నా అదృష్టంగా భావిస్తాను" అని మొదలయ్యే మెయిల్‌లో పేరు మారిస్తే వంద మందికి పంపొచ్చు. చదివేవాళ్లకూ ఆ సంగతి తెలుసు. దాని బదులు ఇలా (డీకోడర్ అంటే తప్పు ఎక్కడ జరిగిందో తేల్చే ప్రోగ్రామ్, కోడ్ దూరం అంటే ఆ కోడ్ ఎన్ని తప్పులను తట్టుకోగలదో చెప్పే కొలత): "మీ ఫలానా పేపర్లో మూడో భాగంలోని డీకోడర్‌ని చిన్న కోడ్‌ల మీద స్టిమ్‌తో నడిపి చూశాను. కోడ్ దూరం 5 దాకా మీ గ్రాఫ్‌తో సరిపోయింది, 7 దగ్గర నాకు ఎర్రర్ ఎక్కువ వస్తోంది. నేను నాయిస్ మోడల్ తప్పుగా తీసుకున్నానా? వచ్చే ఏడాది మాస్టర్స్‌కి అప్లై చేస్తున్నాను, మీరు విద్యార్థులను తీసుకుంటున్నారా?" ఐదారు లైన్లు, ఒక లింకు, ఒక ప్రశ్న. ఇలాంటివి వంద మందికి పంపలేరు, నలుగురికి పంపగలరు. ఆ నలుగురిలో జవాబు ఇచ్చేవాళ్లు ఉంటారు. రెండు వారాల్లో రాకపోతే ఒక్కసారి గుర్తుచేయండి, అంతకు మించి వద్దు.

ఎస్‌ఓపీ (అప్లికేషన్‌తో పంపే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) కూడా ఇదే పద్ధతి. చిన్నప్పుడు సైన్స్ అంటే ఎంత ఇష్టమో అనే పేరా కొట్టేయండి. చేసిన పని, అందులో ఎక్కడ ఆగిపోయారు, ఎందుకు ఆగిపోయారు, ఇక్కడ ఎవరి దగ్గర దాన్ని ముందుకు తీసుకెళ్లాలనుకుంటున్నారు. రికమెండేషన్ లెటర్ క్వాంటమ్ వాళ్లే ఇవ్వాలని లేదు. అల్గారిదమ్స్ కోర్సులో మీ నిరూపణలు చూసిన టీచర్ రాసిన లెటర్, మిమ్మల్ని రెండు వారాల వర్క్‌షాప్‌లో చూసిన క్వాంటమ్ నిపుణుడి లెటర్ కన్నా బరువైనది. వాళ్లకు కనీసం నెల ముందు చెప్పండి, మీ నోట్సూ కోడూ కూడా పంపండి.

చేరాక మొదటి సెమిస్టర్

చేరగానే అన్నీ క్వాంటమ్ కోర్సులే పెట్టుకోవాలనిపిస్తుంది. ఆగండి. క్వాంటమ్ ఇన్ఫర్మేషన్ పరిచయ కోర్సు ఒకటి, అడ్వాన్స్‌డ్ అల్గారిదమ్స్ గానీ కాంప్లెక్సిటీ గానీ ఒకటి, సంభావ్యత గానీ క్రిప్టోగ్రఫీ గానీ ఒకటి. క్వాంటమ్ పేపర్లలో కనబడే ఆయుధాల్లో చాలావరకు క్వాంటమ్‌వి కావు: ర్యాండమైజ్డ్ అల్గారిదమ్స్, ఎర్రర్ కరెక్టింగ్ కోడ్స్, గ్రాఫ్ మ్యాచింగ్. సర్ఫేస్ కోడ్ అనే ఎర్రర్ కరెక్షన్ కోడ్ డీకోడర్‌లో బాగా వాడేది మినిమమ్ వెయిట్ మ్యాచింగ్, అది 1960ల్లో జాక్ ఎడ్మండ్స్ గ్రాఫ్‌ల మీద చేసిన పని.

రెండో సెమిస్టర్‌లో ఒక్క ప్రయోగ కోర్సు తీసుకోండి, లేదా ల్యాబ్ గ్రూప్ మీటింగ్‌లో వెనక బెంచీలో కూర్చోండి. అర్థం కాకపోయినా పర్వాలేదు. ఏ గేట్‌కి ఎంత సమయం పడుతుంది, కొలవడం ఎందుకంత నెమ్మది అన్నవి చెవిన పడతాయి. సిద్ధాంతంలో మీరు ఉచితమనుకున్నది అక్కడ ఖరీదైనదని తెలుస్తుంది.

థీసిస్: రెండు వైపులా జవాబున్న ప్రశ్న

కెరెనిడిస్, ప్రకాశ్ 2016లో సినిమాలూ వస్తువులూ సిఫారసు చేసే పనికి వేగమైన క్వాంటమ్ అల్గారిదమ్ ఇచ్చారు. మామూలు కంప్యూటర్‌కి అంత వేగం సాధ్యం కాదని నిరూపించమని టెక్సస్ యూనివర్సిటీలో స్కాట్ ఆరన్సన్ ఒక బ్యాచిలర్స్ విద్యార్థికి పని అప్పగించారు. ఆ విద్యార్థి పేరు ఎవిన్ టాంగ్. నిరూపణ ఎంతకీ కుదరకపోవడంతో, కుదరకపోవడానికి కారణం వెతికితే మామూలు కంప్యూటర్ మీదే నడిచే అల్గారిదమ్ దొరికింది. 2018లో వచ్చిన ఆ ఫలితం మెషిన్ లెర్నింగ్‌లో క్వాంటమ్ లాభం గురించిన ఆశలను చాలావరకు సరిదిద్దింది.

మీ థీసిస్ అంత పెద్దది అవ్వాలని కాదు. ఆ ప్రశ్న ఎలాంటిదో చూడండి. అవునన్నా ఫలితమే, కాదన్నా ఫలితమే. మాస్టర్స్ థీసిస్‌కి ఉండేది ఏడాది, అందులో రాయడానికే మూడు నెలలు పోతాయి. "కొత్త క్వాంటమ్ అల్గారిదమ్ కనిపెడతాను" అనే థీసిస్‌లో దొరక్కపోతే చేతిలో ఏమీ ఉండదు. "ఈ అల్గారిదమ్‌ని ఈ ఎర్రర్ కరెక్షన్ కోడ్ మీద నడిపితే ఎన్ని క్యూబిట్లు కావాలి?" అనే థీసిస్‌లో ఏ సంఖ్య వచ్చినా అది జవాబే.

ఎర్రర్ కరెక్షన్ వైపు ఇప్పుడు ఇలాంటి పని బాగా దొరుకుతోంది. గూగుల్ విల్లో అనే క్వాంటమ్ చిప్ మీద 2024లో చూపించింది ఏంటంటే, సర్ఫేస్ కోడ్ దూరాన్ని 3 నుంచి 5కీ, 5 నుంచి 7కీ పెంచినప్పుడు ప్రతిసారీ తప్పులు దాదాపు సగానికి తగ్గాయి. ఆ యంత్రంలో తప్పులను పరీక్షించే ఒక్కో రౌండ్ సుమారు ఒక మైక్రోసెకను. అంటే తప్పు ఎక్కడ జరిగిందో తేల్చే ప్రోగ్రామ్ కూడా అదే వేగంతో పరుగెత్తాలి, లేకపోతే పని పేరుకుపోతుంది. డేటా స్ట్రక్చర్లూ క్యాషూ ప్యారలల్ ప్రోగ్రామింగూ తెలిసినవాళ్లకు ఇది అచ్చమైన సొంత పొలం.

అంశం ఖాయం చేసే ముందు రెండు వారాలు పాత పేపర్లు వెతకడానికే పెట్టండి. నేను పెట్టలేదు. రెండు నెలలు ఒక లోయర్ బౌండ్ (ఇంతకన్నా తక్కువ పనితో కుదరదనే నిరూపణ) మీద కూర్చుని, కుదిరిందని సంబరంగా గైడ్‌కి చూపిస్తే, ఆయన ఒక పాత పేపర్ తెరిచి అందులో ఫుట్‌నోట్ చూపించారు. నా రెండు నెలల పని అక్కడ రెండు లైన్లలో ఉంది. ఆ ఫుట్‌నోట్‌నే మొదలుపెట్టే చోటుగా తీసుకుని తర్వాతి ప్రశ్న అడిగాం కాబట్టి బతికిపోయాను.

వారానికోసారి గైడ్‌ని కలిసేటప్పుడు ఒక పేజీ తీసుకెళ్లండి: ఈ వారం ఏం చేశాను, ఏది కుదరలేదు, వచ్చే వారం ఏం చేస్తాను. ఆ పేజీలన్నీ దాచుకుంటే థీసిస్‌లో సగం రాసినట్టే. సిమ్యులేషన్ ఉంటే మొదటి రోజు నుంచే లైబ్రరీ వెర్షన్లూ ర్యాండమ్ సీడూ రాసిపెట్టండి. ఆర్నెల్ల తర్వాత మీ గ్రాఫ్ మీకే మళ్లీ రాకపోతే వచ్చే టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

తర్వాతి దారి చివరి సెమిస్టర్ మొదట్లోనే తేల్చుకోండి, పీహెచ్‌డీ అప్లికేషన్ల గడువులు థీసిస్ సమర్పించడానికి చాలా ముందే వచ్చేస్తాయి. ఉద్యోగం వైపు అయితే క్వాంటమ్ కంపెనీలు ఒక్కటే దారి కాదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో పోస్ట్ క్వాంటమ్ క్రిప్టోగ్రఫీకి, అంటే క్వాంటమ్ కంప్యూటర్‌కి కూడా లొంగకూడని తాళాలకు, మొదటి మూడు ప్రమాణాలు ఖరారు చేసింది. పాత తాళాలన్నీ మార్చే పని బ్యాంకుల నుంచి బ్రౌజర్ల దాకా ఏళ్ల తరబడి నడుస్తుంది. షోర్ అల్గారిదమ్ దేన్ని విరుస్తుందో, దేన్ని విరవలేదో లెక్కతో చెప్పగలిగినవాళ్లు అక్కడ కావాలి.

థీసిస్ ఒప్పుకున్నాక దాన్ని పేపర్‌గా కుదించి ఆర్కైవ్‌లో పెట్టండి. అక్కడ మొదటిసారి పెట్టేవాళ్లకు అంతకుముందు పేపర్లు పెట్టినవాళ్లెవరైనా ఎండార్స్‌మెంట్ ఇవ్వాల్సి రావచ్చు. గైడ్ ఊళ్లో ఉండగానే ఆ పని పూర్తి చేసుకోండి.